ఆకలిగొన్న కుక్కపిల్ల కథ: కొత్తగా చదివే పిల్లల కోసం మీరే రాసుకునే విధానం

అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం అప్పుడే మొదలుపెట్టిన పిల్లల చేతికి కథల పుస్తకం ఇవ్వాలని తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఉంటుంది. అయితే బజారులో దొరికే చాలా పుస్తకాలలో రెండో వాక్యంలోనే 'నిస్సహాయంగా' వంటి మాట ఎదురవుతుంది, అక్కడితో ఆ పూటకు చదువు ఆగిపోతుంది. ఆ వయసుకు సరిపోయే కథను మనమే రాసుకోవచ్చు. అందుకు పేరున్న రచయిత కానక్కరలేదు. మన పిల్లలకు ఏ అక్షరాలు వచ్చో, ఏవి ఇంకా రాలేదో తెలుసుకుని, కథలోని ప్రతి మాటనూ ఆ జల్లెడలో పట్టే ఓపిక ఉంటే చాలు. ఒక పాప, ఆకలితో ఉన్న ఒక కుక్కపిల్ల అనే చిన్న సంగతిని తీసుకుని, ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను. ఆకలి అంటే ఏమిటో ప్రతి బిడ్డకూ తెలుసు. వీధి కుక్కపిల్లను చూడని తెలుగు ఊరు లేదు. అందువల్ల సంగతిని పిల్లలకు విడమరచి చెప్పవలసిన పని ఉండదు, వాళ్ల శ్రమ అంతా చదవడం మీదే పెట్టవచ్చు.

మొదట చేయవలసినది కథ ఆలోచించడం కాదు, చదివే బిడ్డ ఎక్కడ ఉన్నాడో చూడడం. తెలుగులో చదువు ఒక వరుసలో సాగుతుంది. తలకట్టు అక్షరాలతో అల, వల, పలక వంటి మాటలు వస్తాయి. ఆ తరువాత దీర్ఘాలు, గుడులు, కొమ్ములతో గుణింతపు మాటలు వస్తాయి. అవి కుదురుకున్నాక అక్క, పిల్ల వంటి ద్విత్వాలు, వాటి తరువాత నిద్ర, చేస్తోంది వంటి సంయుక్తాలు వస్తాయి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామాలలో నిర్వహిస్తున్న అసర్ సర్వేలో కూడా పిల్లల చదువును అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అనే మెట్లుగా చూస్తారు. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం ఒకటో తరగతి ముగిసేసరికి బిడ్డ ముందెన్నడూ చూడని పాఠంలోని నాలుగైదు సరళ పదాల చిన్న వాక్యాలను చదవగలగాలని లక్ష్యంగా పెట్టుకుంది. మన కథకు ఈ కొలత బాగా పనికి వస్తుంది: వాక్యానికి ఐదు మాటలు దాటకూడదు, మాటలలో గుణింతాలు తప్ప మరేమీ ఉండకూడదు.

కథలో మొత్తం ఎన్ని మాటలు ఉండాలన్న లెక్క ఒక్కటే పట్టుకుంటే తెలుగులో మోసపోతాం. ప్రథమ్ బుక్స్ వారి పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో మొదటి స్థాయి పుస్తకానికి 250 పదాల వరకు పరిమితి ఉంది. అది స్థూలంగా మంచి హద్దే. కానీ మన భాషలో ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కుంటాయి. 'తినకపోయేసరికి' అన్నది లెక్కకు ఒక్క మాటే, అయినా ఆరేళ్ల బిడ్డకు అది ఒక కొండ. అందువల్ల మాటకు ఎన్ని అక్షరాలు ఉన్నాయో కూడా లెక్కపెట్టాలి. మొదటి పుస్తకంలో ఏ మాటా నాలుగు అక్షరాలు దాటకుండా రాయడం సాధ్యమే, కింద ఇచ్చిన నమూనా కథలో అలాగే రాశాను.

ఇక అసలు చిక్కు కథానాయకుడి దగ్గరే మొదలవుతుంది. 'కుక్కపిల్ల' అన్న మాటలో క్క ఉంది, ల్ల ఉంది. వత్తులు నేర్చుకోని బిడ్డకు ఆ మాటను ఎలా ఇస్తాం? 'కూన' అని రాస్తే వత్తు తప్పిపోతుంది గానీ, ఇంట్లో గానీ వీధిలో గానీ దానిని ఉత్త కూన అని పిలిచేవారు అరుదు. పిల్లలు విననే వినని మాటను అక్షరాల సౌకర్యం కోసం కథలోకి తేవడం నాకు సమ్మతం కాదు. అక్షరాలు కూడబలుక్కున్నాక వచ్చిన మాట చెవికి తెలిసినదై ఉన్నప్పుడే బిడ్డ ముఖంలో చదివానన్న సంతోషం కనిపిస్తుంది. కాబట్టి ఒక్క మినహాయింపు ఇద్దాం. 'కుక్కపిల్ల'ను అట్ట మీద బొమ్మ పక్కనే పెద్ద అక్షరాలతో రాసి, కథ మొదలుపెట్టే ముందు రెండు మూడు సార్లు చూపించి చదివించాలి. బిడ్డ దానిని అక్షరం అక్షరంగా కాక, మొత్తంగా ఒక రూపంగా గుర్తుపడతాడు. ఈ ఒక్క మాట తప్ప కథలో మరెక్కడా వత్తు రాకూడదన్నది మనం పెట్టుకునే నియమం.

ఈ నియమం పెట్టుకున్న వెంటనే కుక్కపిల్ల కథకు అవసరమనిపించే మాటలు సగం చేజారిపోతాయి. అన్నం, గిన్నె, రొట్టె, గుడ్డు, నీళ్లు, అమ్మ, బొజ్జ అన్నీ వత్తులున్నవే. వచ్చింది, ఇచ్చింది, పెట్టింది, తెచ్చింది, నవ్వింది, పరిగెత్తింది అన్న క్రియలూ అంతే. ఇక్కడ నిరాశపడకుండా ఒక కాగితం తీసుకుని మిగిలిన మాటలు ఏమున్నాయో రాసుకోవాలి. తినేవాటిలో చపాతి, దోసె, పెరుగు, అటుకులు ఉన్నాయి. గిన్నెకు బదులు మూకుడు, నీళ్లకు బదులు నీరు దొరుకుతాయి. క్రియలలో చూసింది, అడిగింది, పోసింది, వేసింది, తాగింది, తింది, ఆగింది, కదిలింది, జరిగింది, దూకింది, ఊపింది, నాకింది ఉన్నాయి. తెలంగాణ పిల్లలకైతే 'ఉరికింది' అన్న చక్కని మాట ఇంటి నుంచే వస్తుంది. చోటు చెప్పడానికి మీద, కింద, లోపల, బయట, పక్కన అని వరుసగా రాసుకుంటూ పోతే 'పక్కన' దగ్గర వత్తు తగులుతుంది, దానిని కొట్టేయాలి. ఈ పట్టిక తయారు కావడానికి ఒక సాయంత్రం పడుతుంది. కథ ఆ పట్టికలో నుంచే పుట్టాలి. ముందు కథ రాసేసి తరువాత మాటలు మార్చుదామనుకుంటే వాక్యాలు కుంటుతాయి.

వత్తు లేకపోయినా చిక్కు పెట్టే గుణింతాలు కొన్ని ఉన్నాయి. మో, యో అన్నవి కో, తో లాంటి ఆకారంలో ఉండవు. పు, వు అన్నవాటికి కొమ్ము కింది వైపు నుంచి వస్తుంది. మ, య అక్షరాలను ఒకదానిగా ఒకటి పొరబడని బిడ్డ ఉండడు. కుక్కపిల్లకు 'మోతి' అని పేరు పెట్టాలని ముచ్చటపడేవారు ఈ సంగతి గమనించాలి. ఖ, ఘ, ఛ, భ వంటి అక్షరాలను కూడా మొదటి పుస్తకంలోకి రానివ్వకపోవడమే మేలు, అంటే 'భౌ భౌ' కూడా పనికిరాదు. అందులో నష్టమేమీ లేదు. నెలన్నర కుక్కపిల్ల ఆకలికి మొరగదు, కుయి కుయిమని మూలుగుతుంది. పాపకు 'లత' అని పేరు పెడితే రెండూ తలకట్టు అక్షరాలే.

పాపా, బాబా అన్నది కూడా ఆలోచించి తేల్చుకోవలసిన సంగతే. తెలుగులో ఆడపిల్లకూ కుక్కపిల్లకూ క్రియ ఒకే రూపంలో ఉంటుంది: లత చూసింది, కుక్కపిల్ల చూసింది. అదే మాట పదే పదే రావడం వల్ల చదివే బిడ్డకు త్వరగా పట్టుబడుతుంది. అయితే ఎవరు చూశారన్న గందరగోళం రాకుండా ఉండాలంటే మనిషి మారిన ప్రతిసారీ 'లత' అనో 'కుక్కపిల్ల' అనో మళ్లీ రాయాలి. మగపిల్లవాడైతే 'రవి చూశాడు, కుక్కపిల్ల చూసింది' అని తేడా తెలిసిపోతుంది గానీ, నేర్చుకోవలసిన క్రియారూపాలు రెట్టింపు అవుతాయి, పైగా శ అక్షరం కూడా వచ్చి చేరుతుంది. మొట్టమొదటి పుస్తకానికి ఆడపిల్లనూ, రెండో దానికి మగపిల్లవాడినీ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అక్షరాల తరువాత చూడవలసినది కుక్కపిల్ల గురించిన నిజం. పిల్లల కథలలో ఆకలేసిన కుక్కపిల్లకు వెంటనే గిన్నెడు పాలు పోసేస్తారు. ఆవు పాలు, గేదె పాలు చాలా కుక్కపిల్లలకు సరిగా అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. పుట్టిన మూడు నాలుగు వారాలకు కుక్కపిల్లలు మెత్తని తిండి రుచి చూడడం మొదలుపెడతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలలో తల్లి పాలు మానేస్తాయి. ఆ వయసు దానికి మసాలా లేని మెత్తటి అన్నం, కాస్త పెరుగు, ఉడికించిన గుడ్డు, మెత్తని చపాతి ముక్కలు, మూకుడులో మంచినీరు చాలు. చాక్లెట్టు, ఉల్లిపాయ, ద్రాక్ష కుక్కలకు హాని చేస్తాయి. కాబట్టి పాప ప్రేమగా చాక్లెట్టు పంచి ఇచ్చే దృశ్యం ఎంత ముద్దుగా తోచినా రాయకూడదు. బిడ్డ పుస్తకంలో చదివినదే రేపు వాకిట్లో చేస్తాడు.

కథ ఏ కాలంలో జరుగుతుందో కూడా నిజానికి దగ్గరగా ఉంటే బొమ్మలు వేయడం తేలికవుతుంది. చిత్తకార్తె కుక్కల సంగతి మన పెద్దలందరికీ తెలిసినదే. ఆ కార్తె అక్టోబరు నడుమ వస్తుంది. కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. అంటే డిసెంబరు రెండో సగంలో ఈనిన పిల్లలు సంక్రాంతి నాటికి తప్పటడుగులు వేస్తుంటాయి, జనవరి చివరికి తిండి వెతుక్కుంటూ మన వాకిళ్లలోకి వస్తాయి. అందువల్ల నా కథలోని కుక్కపిల్లకు ఆకలితో పాటు చలి కూడా ఉంది. బొమ్మ వేసేవారు వాకిట్లో చెరిగిపోయిన రథం ముగ్గు వేయవచ్చు, పాపకు స్వెటరు తొడగవచ్చు. మాటలలో ఇవేవీ చెప్పనక్కరలేదు.

ఇక కథలో ఏం జరగాలి? పాప జాలిపడి తిండి పెట్టింది, కుక్కపిల్ల తిన్నది అంటే అది సమాచారం అవుతుంది గానీ కథ కాదు. నడుమ ఒక అడ్డంకి ఉండాలి. దానిని పాపే తన తెలివితో దాటాలి, పెద్దలు వచ్చి దాటించకూడదు. వీధి కుక్కపిల్లలను గమనించినవారికి ఆ అడ్డంకి ఏమిటో తెలుసు. ఎంత ఆకలి వేసినా అవి కొత్త మనిషి దగ్గరికి చప్పున రావు. తిండి వేసి మనం అక్కడే వంగి నిలబడితే చూస్తూ ఉండిపోతాయి, నాలుగు అడుగులు వెనకకు జరిగితే వస్తాయి. పాప ఆ సంగతిని కనిపెట్టడమే మన కథ. దీనివల్ల మూడు ప్రయోజనాలు ఒక్కసారే నెరవేరుతాయి. పాప అడుగు వెనకకు వేసిన ప్రతిసారీ అదే వాక్యం తిరిగి వస్తుంది గనుక చదువు సాఫీగా సాగుతుంది. ఒకటి, రెండు, మూడు అంకెలు వస్తాయి. తింటున్న కుక్కకు దూరంగా ఉండాలన్న జాగ్రత్త ఉపదేశం అక్కర లేకుండానే మనసుకు ఎక్కుతుంది. నమూనా కథ ఇది, ఒక్కో పంక్తి ఒక్కో పేజీ:

లత అరుగు మీద ఉంది. లత చేతిలో చపాతి ఉంది.

"కుయి! కుయి!" ఎవరది?

లత తల దించింది. అరుగు కింద కుక్కపిల్ల!

పాపం, చలి. పాపం, ఆకలి.

లత చపాతి తుంచింది. నేల మీద వేసింది. కుక్కపిల్ల చూసింది. రాలేదు.

లత ఒక అడుగు వెనకకు జరిగింది. కుక్కపిల్ల చూసింది. రాలేదు.

లత రెండు అడుగులు వెనకకు జరిగింది. కుక్కపిల్ల తల చాచింది. రాలేదు.

లత మూడు అడుగులు వెనకకు జరిగింది. కుక్కపిల్ల కదిలింది!

ఆగింది. వాసన చూసింది. తింది!

అంతా తింది. తోక ఊపింది.

"ఇంకా కావాలా?" లత అడిగింది.

మొత్తం 11 పేజీలు, 66 మాటలు. తిరిగి వచ్చినవి తీసేస్తే వేర్వేరు మాటలు 38 మాత్రమే. 'రాలేదు' అన్న మాట మూడు పేజీలలో వరుసగా వచ్చి, ఆ తరువాతి పేజీలో, అంటే ఎనిమిదో పేజీలో, రాకుండా పోతుంది. చదివే బిడ్డ అక్కడ 'రాలేదు' అని ముందుగానే అనబోయి, 'కదిలింది' అని చూసి ఆగుతాడు. ఆ ఆగడం కోసమే మిగతా పేజీలు రాశాం. బిడ్డ ఊహించి చదువుతున్నాడా, అక్షరాలు చూసి చదువుతున్నాడా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది. నాలుగో పేజీలో మొదట 'కుక్కపిల్ల వణికింది' అని రాయాలనిపిస్తుంది. ణ అక్షరం పిల్లలకు ఆలస్యంగా పట్టుబడుతుంది గనుక దానిని తీసేసి 'చలి', 'ఆకలి' అని పక్కపక్కన పెట్టాను. వణుకు సంగతి బొమ్మ చూసుకుంటుంది. చివరి పేజీలో ప్రశ్నకు జవాబు రాయలేదు. ఆ జవాబు చదివే బిడ్డే చెప్పాలి. కొందరు 'కావాలి' అంటారు, కొందరు కుక్కపిల్ల గొంతుతో 'కుయి' అంటారు.

అరుగు చూడని పిల్లలకు 'కారు కింద కుక్కపిల్ల' అని మార్చుకోవచ్చు. చలికాలంలో కుక్కపిల్లలు చేరే చోటు నగరాలలో అదే, పైగా రెండు మాటలలోనూ వత్తు లేదు. అపార్ట్‌మెంటు పిల్లలకు 'గేటు' కూడా తెలిసిన మాటే. అమెరికాలో మనబడి వంటి చోట వారానికి ఒకసారి తెలుగు నేర్చుకునే పిల్లలకు వీధి కుక్కపిల్ల అన్నదే కొత్త కావచ్చు. వారి కోసం 'ఇది తాత ఊరు' అని ఒక పేజీ ముందు చేర్చితే, సెలవులలో వచ్చినప్పుడు చూసిన వాకిలి గుర్తుకు వస్తుంది.

ఈ కథ గడగడా చదవడం వచ్చాక దానిని పక్కన పెట్టేయకూడదు. అదే కథను ద్విత్వాలతో మళ్లీ రాయాలి. ఇప్పుడు అమ్మ కథలోకి రావచ్చు. "అమ్మ అన్నంలో పెరుగు కలిపింది. లత గిన్నె కింద పెట్టింది. కుక్కపిల్ల మెల్లగా వచ్చింది. గిన్నె చుట్టూ తిరిగింది. బొజ్జ నిండా తింది." ఇక్కడ ఒక క్రమం పాటించాలి. చ, ద, గ వంటి అక్షరాల వత్తులు తలకట్టు తీసేసిన అదే అక్షరంలా, బ వత్తు అదే అక్షరంలా ఉంటాయి గనుక వచ్చింది, ముద్ద, బుగ్గ, డబ్బా వంటి మాటలను ముందు ఇవ్వాలి. త, న, మ, య, ర, ల వత్తుల ఆకారం అక్షరానికి పోలిక లేకుండా ఉంటుంది. వాటిని ఒక్కొక్కటిగా, పేజీకి ఒకే వత్తు చొప్పున తేవాలి. అలా చూస్తే పైన రాసిన ఐదు వాక్యాలు ఒకే పేజీలో పెట్టదగినవి కావు, కనీసం నాలుగు పేజీలకు పంచాలి. మూడోసారి రాసేటప్పుడు సంయుక్తాలు వస్తాయి. అప్పుడు తల్లి కుక్క సందు చివర నిలబడి చూస్తుందని, తిన్న కుక్కపిల్ల తల్లి ఒడిలో నిద్రపోయిందని కథను పెంచవచ్చు. తెలిసిన కథే గనుక బిడ్డ దృష్టి కొత్త వత్తుల మీద నిలుస్తుంది.

పుస్తకం చివరి అట్ట లోపల పెద్దల కోసం నాలుగు వాక్యాలు చిన్న అక్షరాలతో రాయడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. పెద్దలు పక్కన లేకుండా వీధి కుక్కపిల్ల దగ్గరికి పిల్లలను పంపకూడదు. తల్లి కుక్క దగ్గరలో ఉంటే పిల్లను ముట్టుకోకూడదు. తిండి చేతితో అందించకుండా నేల మీద పెట్టి దూరం జరగాలి. కుక్కపిల్ల అయినా సరే, పన్ను గానీ గోరు గానీ గీరుకుంటే ఆ చోటును ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు. వెంటనే కడిగి, టీకాలు తప్పకుండా వేయిస్తే ఆ ప్రమాదం తప్పుతుంది. పసుపు, కారం, ఆకు పసరు పెట్టే అలవాటు ఇంకా పోలేదు గనుక, వద్దని విడిగా రాయాలి.

అచ్చు గురించి కొంచెం. తెలుగు పంక్తికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకానికి సరిపోయే ఎడం ఇస్తే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. పంక్తుల మధ్య ఒక అక్షరం ఎత్తు ఖాళీ వదలాలి. మాటను పంక్తి చివర విరవకూడదు. మాటకూ మాటకూ మధ్య బిడ్డ చూపుడువేలు పట్టేంత ఎడం ఉండాలి. ఇంట్లో చేసుకునే పుస్తకమైతే తెల్ల కాగితాలను సగానికి మడిచి, నడుమ దారంతో కుట్టి, అక్షరాలు చేతితో రాస్తే చాలు. బొమ్మలు బిడ్డ చేతే వేయించవచ్చు, కుక్కపిల్లకు ఐదు కాళ్లు వచ్చినా సరిదిద్దకండి.

అన్నీ అయ్యాక పుస్తకాన్ని కనీసం ముగ్గురు పిల్లల చేత చదివించి చూడాలి. మీరు చదివి వినిపించవద్దు. పక్కన కూర్చుని, వేలు ఏ మాట దగ్గర ఆగుతోందో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఒక బిడ్డ ఆగితే అది ఆ బిడ్డకు ఇంకా రాని అక్షరం కావచ్చు. ముగ్గురూ అదే మాట దగ్గర ఆగితే తప్పు మాటదే. 'తుంచింది' దగ్గర పిల్లలు ఆగితే 'చింపింది' అని మార్చకండి, చపాతిని ఎవరూ చింపరు. 'విరిచింది' అని పెట్టి మళ్లీ చదివించండి.